నవ్వు హోటల్ మీదా, అతిథి మీదా?

మంచు మీద మనిషి జారిపడితే ఎవరు తీసినా నవ్వొస్తుంది. పడ్డవాడెవడు, పడేసిందెవరు అన్న దగ్గరే స్కీ రిసార్టు హాస్య చిత్రాల్లో మంచిదేదో, మామూలుదేదో తేలిపోతుంది. జర్మన్‌లో వచ్చిన ‘డ్రై మెన్నర్ ఇమ్ ష్నే’ (మంచులో ముగ్గురు మగాళ్లు, 1955), ఫ్రెంచి ‘లె బ్రోంజే ఫోం ద్యు స్కీ’ (1979) వరసగా చూస్తే ఆ తేడా స్పష్టంగా కనిపిస్తుంది.

మొదటిదానికి మూలం ఎరిష్ కెస్ట్‌నర్ నవల. 1933లో నాజీలు ఆయన పుస్తకాలు తగలబెట్టారు. ఆ మరుసటి ఏడే ఈ నవల స్విట్జర్లాండులో అచ్చయింది. సినిమాకు స్క్రీన్‌ప్లే ఆయనే రాసుకున్నాడు, దర్శకుడు కుర్ట్ హాఫ్‌మన్. ఒక కోటీశ్వరుడు తన కంపెనీ పెట్టిన పోటీలోనే మారుపేరుతో బహుమతి గెలిచి, పేదవాడిలా ఆల్ప్స్ కొండల్లోని పెద్ద హోటల్‌కు వెళతాడు. ఈ మారువేషం కథ తెలుగు ప్రేక్షకులకు కొత్తేమీ కాదు. ఇక్కడి చమత్కారం వేరే ఉంది. అదే పోటీలో గెలిచిన నిరుద్యోగిని హోటల్‌వాళ్లు కోటీశ్వరుడనుకుని నెత్తిన పెట్టుకుంటారు. అసలు ఆసామికి చలికి గడ్డకట్టే అటక గది ఇచ్చి, పనులు పురమాయిస్తారు. నవ్వంతా హోటల్ మర్యాద మీదే. జేబు చూసి వంగే నడుములను కెస్ట్‌నర్ వదిలిపెట్టడు. మంచు మాత్రం అందమైన తెరగానే మిగిలిపోతుంది.

పత్రీస్ లకోంత్ తీసిన ఫ్రెంచి చిత్రంలో ఆ మంచే పాత్రధారి. వాల్ దిజేర్ స్కీ రిసార్టుకు వచ్చినవాళ్లంతా మధ్యతరగతి మిత్రులు. నటించి, రాసింది స్ప్లాందీద్ నాటక బృందం. మిషెల్ బ్లాం వేసిన జాన్‌క్లోద్ ఒంటరిగా చెయిర్‌లిఫ్టు ఎక్కుతాడు. మధ్యలో అది ఆగిపోతుంది. చుట్టూ ఎవరూ లేరు, చీకటి పడుతోంది, కాళ్లకు స్కీలు వేలాడుతున్నాయి. కాసేపు ఎదురుచూసి, తనలో తాను పాడుకోవడం మొదలుపెడతాడు. పడిందీ లేదు, తన్నిందీ లేదు. తోడు కోసం సెలవులకు వచ్చినవాడి ఒంటరితనమంతా ఆ కుర్చీలో ఉంది. ఇంత నవ్వు, ఇంత జాలి ఒకే షాట్‌లో కలిసిన దృశ్యాలు హాస్య చిత్రాల్లో అరుదు. తర్వాత దారి తప్పిన బృందానికి కొండ జనం సీసాలో కప్ప నానిన సారా పోస్తారు. డబ్బు పెట్టి కొనుక్కున్న సెలవు అక్కడితో చెల్లిపోతుంది.

కెస్ట్‌నర్ కథ చివర అందరి లెక్కలూ సరిపోతాయి. హోటల్‌ను కొనేసి దాని మేనేజర్‌ను పంపించేయాలనుకున్న కోటీశ్వరుడికి అది ముందునుంచీ తనదేనని తెలుస్తుంది. గొప్ప మలుపే, కానీ పేదవాడి అవమానానికి మందు మళ్లీ డబ్బే అయింది. పైగా కోటీశ్వరుడి కూతురి ప్రేమకథ పలచన. స్ప్లాందీద్ వాళ్లు ఎవరినీ అలా ఒడ్డున పడేయరు. ఆడవాళ్లకూ మగవాళ్లతో సమానంగా పదునైన మాటలిచ్చారు. ఆ బృందంలోని జోజియాన్ బలాస్కో తెర మీద మొగుణ్ణి కసరడం చూడండి, చాలు.

కెస్ట్‌నర్‌ది చక్కగా అల్లిన కథ, లకోంత్‌ది మనుషులు నిండిన సినిమా. నా ఓటు రెండోదానికే.