చీటీల మీద రాసే మాటలు

మా వీధిలో పొద్దున్నే వినబడే మాట 'స్కూల్ రన్'. అందులో పరుగేమీ ఉండదు, పిల్లల్ని బడిలో దింపి రావడమే. స్టేషన్ దాకా కారులో దింపినా రన్నే. స్నానానికి తొట్టి నింపడం, ముక్కు కారడం, ఉతుకులో రంగు దిగడం, దుకాణం నడపడం అన్నీ రన్నే. కోళ్ళు తిరగడానికి కంచె వేసిన జాగా కూడా అదే. ఎన్నికల దగ్గర మాత్రం అమెరికా వాళ్ళు రన్ అంటారు. బ్రిటన్ వాళ్ళు మనలాగే 'నిలబడతారు'.

'రన్' అనే క్రియకు ఆక్స్‌ఫర్డ్ ఇంగ్లిష్ డిక్షనరీ లెక్కగట్టిన అర్థాలు 645 అని 2011లో వార్తల్లో వచ్చింది. సంపాదకుడు పీటర్ గిల్లివర్ దాని మీద తొమ్మిది నెలలు పనిచేశారు. 645 కన్నా నన్ను ఎక్కువగా ఆకట్టుకున్నవి ఆ తొమ్మిది నెలలే.

ఆ నిఘంటువు పని చీటీలతో మొదలైంది. 1879లో దాని సంపాదకుడు జేమ్స్ మర్రే జనానికి ఒక విన్నపం పంపాడు: చదివే పుస్తకంలో మాట కనబడితే, అది ఉన్న వాక్యాన్ని చిన్న కాగితం మీద ఎత్తిరాసి, పుస్తకం పేరు, ఏడాది, పేజీ వేసి పంపండి అని. చీటీలు వెల్లువెత్తాయి. అయితే చదువరులకు అరుదైన మాటలే కంటికి ఆనాయి. ఆ విన్నపానికి ముందే పోగైన చీటీల్లో 'అబ్యూజన్' అనే పాతమాటకు దాదాపు యాభై చీటీలుంటే, అందరూ వాడే 'అబ్యూజ్'కు అయిదు కూడా లేవు. రోజూ నోట్లో నానే మాటను ఎవరూ పట్టించుకోరు. ఈ వృత్తిలో అసలు కష్టం అదే.

చీటీలు బల్ల మీద పరిచాక రెండో కష్టం మొదలవుతుంది. కుళాయి రన్ అవుతోంది, నది రన్ అవుతోంది. రెండూ ఒకటేనా? నది తానే పారుతుంది. కుళాయి కదలదు, దానిలోంచి నీళ్ళు వస్తాయి. అక్కడ గీత గీయాలి. మరి ముక్కు? అది కుళాయి పక్షం. ఇలాంటి తీర్పులు వందలు చెప్పాలి, ప్రతి తీర్పుకూ ఎవరో నిజంగా రాసిన వాక్యం సాక్ష్యం ఉండాలి. మొదటి భాగం 1884లో వెలువడింది. మర్రే 1915లో పోయాడు, తొలి ముద్రణ 1928కి గాని పూర్తికాలేదు.

అదే 1884లో లండన్‌లో మన సి.పి. బ్రౌన్ కన్నుమూశాడు. ఆయన తెలుగు-ఇంగ్లిష్ నిఘంటువు 1852 నాటిది. జనం నోటి మాటలకు అందులో చోటిచ్చాడు. తర్వాత లండన్‌లో తెలుగు బోధించాడు. మన దగ్గర ఆ దారిలో భద్రిరాజు కృష్ణమూర్తి రైతుల మాటలు పోగుచేసి, 1962లో వ్యవసాయ వృత్తిపదకోశం తెచ్చారు. నాకు చాలా ఇష్టమైన పుస్తకం అది.

నేనూ చీటీలు రాస్తాను. నాది 'పట్టు' అనే క్రియ. చంటిబిడ్డకు పాలు పట్టారు. మరలో పిండి పట్టించారు. ఇనుముకు తుప్పు పట్టింది. చేపలు పట్టారు. రాత్రి నిద్ర పట్టలేదు. ఊరు చేరడానికి రెండు గంటలు పట్టింది. ఈ డబ్బాలో అయిదు కిలోలు పడతాయి. అమ్మ ఫోన్లో 'మామిడికి పిందె బాగా పట్టింది' అంటే, మాట్లాడుతూనే పెన్ను వెతుక్కుంటాను. తుప్పూ పిందే ఒక కట్టలో ఉండాలా అన్నది నాకింకా తేలలేదు. తుప్పు బయటి నుంచి వచ్చి అంటుకుంటుంది, పిందె చెట్టులోంచే వస్తుంది. విడదీయాలనే నాకనిపిస్తోంది.

విదేశంలో పుట్టిన మన పిల్లలకు పట్టుకోవడం ఒక్కటే తెలుసు. అందుకే ఈ వారం మీ అమ్మమ్మతోనో తాతయ్యతోనో మాట్లాడేటప్పుడు ఒక కాగితం దగ్గర పెట్టుకోండి. 'పట్టు' వినబడితే వాక్యం మొత్తం రాయండి, సొంతంగా సరిదిద్దకండి. కింద వాళ్ళ ఊరి పేరు, తేదీ వేయండి.