పరుగులో అవధానము – 'టోక్యో ఒలింపియాడ్' చలనచిత్రముపై ఒక విమర్శ

అవధానమను మాట వినగానే మన పెద్దలకు తిరుపతి వేంకటకవులు జ్ఞప్తికి వత్తురు. ఎనమండుగురు పృచ్ఛకుల నడుమ కూర్చుండి, సమస్యలు పూరించుచు, గంటలు లెక్కించుచు, అప్రస్తుత ప్రసంగికి బదులు చెప్పుచు, తుదకు పద్యములన్నిటిని ధారణతో ఒప్పజెప్పుట తెలుగువారు మిక్కిలి ప్రీతితో పెంచుకొన్న విద్య. దానిని పరుగుపందెముతో పోల్చుట కొందరికి విడ్డూరముగా నుండవచ్చును. కాని జపాను దర్శకుడు కోన్ ఇచికావా 1965లో వెలువరించిన 'టోక్యో ఒలింపియాడ్' చిత్రమున మారథాన్ ఘట్టమును చూచినపుడు మాకు వేరొక పోలిక తోచలేదు.

ఆ పందెము 1964 అక్టోబరు 21న జరిగినది. ఇథియోపియాకు చెందిన అబెబె బికిలా 42.195 కిలోమీటర్ల దూరమును 2 గంటల 12 నిమిషముల 11.2 సెకండ్లలో ముగించెను. అనగా కిలోమీటరునకు 3 నిమిషముల 8 సెకండ్ల లెక్క. 1960లో రోమునగరమున వట్టికాళ్లతో పరుగెత్తి గెలిచినవాడు ఇతడే. టోక్యోలో బూట్లు తొడిగికొని పరుగెత్తెను. అంతకు సుమారు ఐదు వారములకు ముందే అతనికి అపెండిసైటిస్ ఆపరేషను జరిగియుండెను.

ఇచికావా ఈ పరుగువీరుని ముఖమును దూరమునుండి పట్టి, చలనమును మందగింపజేసి, తెరనిండ నిలిపినాడు. చెమట బొట్లు, చెదరని చూపు, లయ తప్పని తల కదలిక. చిత్రకళగా ఇది గొప్పది. ఆ మాటలో మాకు సందేహము లేదు. అయినను ఇచ్చటనే మా అభ్యంతరము. పందెమునకు కాలమే ప్రాణము. ఆ కాలమును సాగదీసినపుడు పరుగెత్తువాడు బాధయు ఆలోచనయు లేని శిలావిగ్రహమగును. ప్రేక్షకుడు 'ఆహా, యోగీశ్వరుడు!' అని మెచ్చుకొని లేచిపోవును. నిశ్చలమైన ముఖము వెనుక మనస్సు ఖాళీగా నున్నదని భ్రమించుట పెద్ద పొరపాటు. అవధాని చిరునవ్వుతో కూర్చున్నంత మాత్రమున లోపల గంటల లెక్క ఆగిపోవునా?

ఈ విషయమున శాస్త్రజ్ఞుల మాటయు కొంత కలదు. 1977లో అమెరికాలో మోర్గన్, పొలాక్ అనువారు అగ్రశ్రేణి మారథాన్ పరుగువీరులను పరిశీలించిరి. సామాన్యులు నొప్పిని మరచుటకై మనస్సును అన్య విషయములపైకి మరల్చుచుండగా, అగ్రశ్రేణివారు తమ శ్వాసను, కండరముల బిగువును, కాళ్ల బరువును ఎప్పటికప్పుడు గమనించుచు వేగమును సరిదిద్దుకొనుచున్నారని వారు తేల్చిరి. తరువాతివారు ఈ విభజన అంత సూటియైనది కాదనియు, గొప్పవారును అప్పుడప్పుడు మనస్సును బయటికి పోనిత్తురనియు చూపిరి. ఇదియు అవధానమునకు సరిపోవునదే. శ్వాస గంట వంటిది, లెక్క తప్పరాదు. నొప్పి అప్రస్తుత ప్రసంగి వంటిది. అతనిని వినకుండ చెవులు మూసికొన్నవాడు అవధాని కాడు. విని, తగిన బదులు చెప్పి, విడిచిన పద్యపాదమునకు మరలివచ్చువాడే అవధాని.

ఈ దృష్టితో చూచినచో చిత్రమున మాకు మిక్కిలి నచ్చినది బికిలా ముఖము కాదు, త్రోవప్రక్కన పానీయములు పెట్టిన బల్ల. ఒకడు పరుగాపకయే కప్పునందుకొని సగము మీద ఒలకబోసికొనును. ఒకడు నిలిచి త్రాగును, మరల ఇంకొక కప్పు త్రాగును. దాహము, తొందర, లెక్క – మూడును ఆ చేతిలో కనబడును. ఇట్టి దృశ్యమొక్కటి పది నిశ్చల ముఖములతో సమానము. చిత్రము పూర్తియైనపుడు కోనో ఇచిరో అను మంత్రి దానిని తప్పుపట్టగా, ఇది రికార్డా, కళయా అని జపానులో పెద్ద వివాదము చెలరేగినది. ఆ బల్లవద్ద రెండును కలసియే యున్నవని మా అభిప్రాయము.

మన యిండ్లలో పిల్లలను పోటీలకు పంపునపుడు 'వెనుకకు చూడకు, ముందుకే పో' అని చెప్పుట మామూలు. ఈ చిత్రమును చూచువారు త్సుబురాయా కోకిచిని మరువరాదు. స్టేడియములోనికి రెండవవాడై వచ్చిన ఈ జపాను సైనికుని, స్వదేశీయుల కన్నులయెదుటనే, బ్రిటనుకు చెందిన బాసిల్ హీట్లీ దాటిపోయెను. వెనుకకు చూడకుండుట త్సుబురాయా నియమమని చెప్పుదురు. ఇరువురి నడుమ తేడా 3.6 సెకండ్లు. ఆ క్రీడలలో పరుగు, దూకుడు, విసరుడు పోటీలన్నిటిలోను జపానుకు దక్కిన పతకము ఆ కంచుపతకమొక్కటే; అయినను అతనికి తృప్తి కలుగలేదు. 1968 జనవరిలో, ఇక పరుగెత్తలేనని వ్రాసిపెట్టి, ఆత్మహత్య చేసికొనెను. దేశమంతయు ఒక మనుష్యుని వీపుపై కూర్చున్నపుడు ఆ బరువు అప్రస్తుత ప్రసంగము కానేరదు. అది తానే ప్రధాన ప్రశ్నయై మిగిలినవాటి నన్నిటిని మ్రింగివేయును. 1965లో చిత్రము తీసినవారికి ఇది తెలియదు. తెలిసిన మనము ఆ చివరి చుట్టును మునుపటివలె చూడజాలము.

ఆ సంవత్సరమే అక్టోబరులో మెక్సికో నగరమున బికిలా కాలిగాయముతో బయలుదేరి, సుమారు 17 కిలోమీటర్లవద్ద పరుగు విరమించెను. పందెమును అతని దేశీయుడైన మామో వోల్డే గెలిచెను. రెండుమారులు స్వర్ణపతకము నందినవాడు తన కాలి మాట విని త్రోవప్రక్కకు తప్పుకొన్న ఆ క్షణమును, మందగమనము లేకుండ, ఉన్నదున్నట్లు ఇచికావాయే చిత్రించియున్న బాగుండెడిదని మా కోరిక.