భద్రత అంటే కాపలాయేనా?

మన భాషలో 'భద్రత' అనే మాట రెండు పనులు చేస్తుంది. గనిలో బండ విరిగి కార్మికుని మీద పడకుండా చూడటమూ భద్రతే, ఆ గనిలోకి దొంగ చొరబడకుండా చూడటమూ భద్రతే. ఇంగ్లీషులో వీటికి వేర్వేరు పదాలున్నాయి. పెద్ద సంస్థల్లో విభాగాలు, అధికారులు, బడ్జెట్లు కూడా వేరు. ఆధునిక పనిస్థలాల రక్షణ గురించి నేడు వినిపిస్తున్న మాటలు దాదాపు అన్నీ రెండో అర్థానివే. వేలిముద్ర యంత్రం, ముఖం గుర్తుపట్టే కెమెరా, కంచె వెంట తిరిగే డ్రోన్ - వీటిలో ఏది కొనాలన్నదే చర్చ. ఈ ధోరణిలోని లోపం తెలియాలంటే బస్తర్ వెళ్లాలి.

బస్తర్ ప్రాంతంలో, నేటి దంతెవాడ జిల్లాలో ఉన్న బైలడిల్లా కొండలు తెలుగువారికి కొత్త కాదు. ఎద్దు మూపురంలాంటి ఆ కొండల్లో 1968 నుంచి ఇనుప ఖనిజం తవ్వుతున్న జాతీయ ఖనిజాభివృద్ధి సంస్థ ప్రధాన కార్యాలయం హైదరాబాదులోనే ఉంది. ఖనిజం కిరండూల్ నుంచి కొత్తవలస మీదుగా విశాఖ చేరుతుంది. ఆ కొండల్లోని హిరోలి దగ్గర పేలుడు పదార్థాల గిడ్డంగిపై 2006 ఫిబ్రవరి 9 రాత్రి మావోయిస్టులు దాడి చేశారు. కాపలా ఉన్న కేంద్ర పారిశ్రామిక భద్రతా దళం జవాన్లు 8 మంది చనిపోయారు. టన్నుల కొద్దీ పేలుడు పదార్థం అడవిలోకి తరలిపోయింది.

నాలుగు మెట్ల లెక్క

రక్షణ శాస్త్రంలో నాలుగు మెట్లున్నాయి: జంకించడం, పసిగట్టడం, ఆలస్యం చేయించడం, ఎదుర్కోవడం. వీటిని కలిపే సూత్రం చాలా సులభం. చొరబాటును పసిగట్టిన క్షణం నుంచి దొంగను గోడలు, తాళాలు ఎంతసేపు ఆపగలవో, ఆ సమయం సహాయ దళం వచ్చే సమయం కంటే ఎక్కువగా ఉండాలి. తలుపు పది నిమిషాలు ఆగి, దళం రావడానికి గంట పడితే ఎంత ఖరీదైన కెమెరా అయినా దోపిడీని చిత్రం తీయడానికే పనికొస్తుంది. నగరంలోని సాఫ్ట్‌వేర్ కార్యాలయానికి పోలీసు స్టేషను దగ్గరలోనే ఉంటుంది. అడవిలోని గిడ్డంగి సంగతి అలా కాదు. ఒకచోట నెగ్గిన పద్ధతిని మరోచోట అతికించేవారు మరచేది ఈ తేడానే.

2008 ముంబయి దాడుల తర్వాత, 2009లో చట్టాన్ని సవరించి ఇదే దళం సేవలను ప్రైవేటు సంస్థలకూ అందుబాటులోకి తెచ్చారు. ఆ ఏడాదే బెంగళూరులోని ఇన్ఫోసిస్ ప్రాంగణానికి ఆ దళం కాపలా వచ్చింది. కాపలా పెరిగింది సరే, కాపలా కాయవలసిన ప్రమాదాన్నే తగ్గించవచ్చా అనే ప్రశ్న మాత్రం వెనకబడింది.

ప్రమాదాన్నే తగ్గిస్తే?

ఈ ప్రశ్నకు జవాబు రసాయన శాస్త్రం ఇచ్చింది. 1974లో ఇంగ్లండులోని ఫ్లిక్స్‌బరో కర్మాగారం పేలిన తర్వాత ట్రెవర్ క్లెట్జ్ అనే రసాయన ఇంజనీరు ఒక వాదన లేవదీశాడు. ప్రమాదకర పదార్థాన్ని పెద్దయెత్తున నిల్వచేసి దాని చుట్టూ రక్షణలు పేర్చడం కంటే, నిల్వనే తగ్గించడం మేలన్నాడు. 1984 భోపాల్ విషాదం ఆ వాదన విలువను మనకు అతి దారుణంగా తెలియజేసింది. 2020 ఆగస్టు 4న బేరూత్ రేవులో పేలింది కూడా ఏళ్ల తరబడి గోదాములో పడి ఉన్న 2,750 టన్నుల అమ్మోనియం నైట్రేటు.

గనుల్లో ఈ సూత్రం ఇప్పటికే అమలులో ఉంది. అమ్మోనియం నైట్రేటు ద్రావణాన్ని నూనెలో సూక్ష్మ బిందువులుగా కలిపిన ఎమల్షన్ తనంతట తానుగా పేలుడు పదార్థం కాదు. ట్యాంకరులో గనికి తెచ్చి, రాతిలో తొలిచిన రంధ్రంలోకి పంపు చేసేటప్పుడు మరో రసాయనం కలుపుతారు. అప్పుడు పుట్టే సన్నని వాయు బుడగలే దానికి పేలే గుణాన్ని ఇస్తాయి. అంటే అది ఆయుధమయ్యేది రాతి కడుపులోకి చేరాకే. దారిలో దొంగిలించినవాడికి దక్కేది సులభంగా పేలని జిగురు ముద్ద. ఎలక్ట్రానిక్ డిటొనేటర్లదీ ఇదే తర్కం. తగిన పరికరం నుంచి సంకేతం అందితే తప్ప అవి పేలవు. డిటొనేటర్లనూ, ఎమల్షన్‌ను రగిలించే చిన్న మందుగుళ్లనూ మాత్రం ఇంకా గిడ్డంగిలోనే దాచాలి. కాపలా అవసరం పూర్తిగా పోదు, కాపలా కాయవలసిన సరుకు తగ్గుతుంది. మన దేశంలో 2012లో అమ్మోనియం నైట్రేటు నిబంధనలు తెచ్చి, నిల్వకూ రవాణాకూ లైసెన్సు తప్పనిసరి చేశారు. దీన్ని కెమెరా కొనడం కంటే పెద్ద సంస్కరణ అనాలి. అయినా దీని గురించి రాసేవారు తక్కువ.

చూపు లోపలికి మళ్లితే

ఈ రంగంలో మరో మార్పును విమర్శకులు ఉపేక్షించరాదు. బస్తర్‌లో సాయుధ ఉద్యమం 2025 నాటికి బాగా బలహీనపడింది. బయటి ముప్పు తగ్గితే యంత్రాలు ఇంటికి పోవు, లోపలివారి వైపు తిరుగుతాయి. హాజరు, టీ విరామం, ఎవరు ఎవరితో నిలబడి మాట్లాడారన్నది - అన్నీ 'భద్రత' పద్దులోనే చేరతాయి. 2023 వ్యక్తిగత డేటా రక్షణ చట్టం కూడా ఉద్యోగ అవసరాలకూ, యజమానిని నష్టం నుంచి కాపాడుకోవడానికీ ఉద్యోగి సమ్మతి లేకుండానే అతని సమాచారాన్ని వాడుకొనే వీలు కల్పించింది.

ఈ యంత్రాలు ఎంత నమ్మదగినవో చిన్న లెక్క వేద్దాం. రోజుకు 5,000 మంది వచ్చే గేటులో యంత్రం వెయ్యికి ఒక్కసారే పొరబడుతుందనుకుందాం. రోజుకు 5, ఏడాదికి 1,800 పైగా తప్పుడు హెచ్చరికలు! నిజమైన చొరబాటు ఏడాదికి ఒకటి కూడా ఉండకపోవచ్చు. కొన్నాళ్లకు కాపలాదారు గంట మోగినా తల ఎత్తడు. పైగా రాయి, ఇనుము పట్టే కూలీల వేలిముద్రల గీతలు అరిగిపోతాయి. వారిని యంత్రం కాదంటే పోయేది ఆ రోజు కూలి. తప్పు యంత్రానిది, దండుగ మనిషిది!

మళ్లీ హిరోలి

హిరోలి పేరు 2019లో మరోసారి వినిపించింది. బైలడిల్లా 13వ నిక్షేపంలో తవ్వకాలకు 2014లో అక్కడి గ్రామసభ ఒప్పుకున్నట్లు చూపిన పత్రం నకిలీదని గ్రామస్థులు ఆరోపించారు. జూన్‌లో వేలాది ఆదివాసులు కిరండూల్‌లో బైఠాయించారు. తాము కొలిచే నందరాజ్ కొండను కాపాడమన్నారు. రాష్ట్ర ప్రభుత్వం చెట్ల నరికివేతను ఆపించి, గ్రామసభ తీర్మానంపై విచారణకు ఆదేశించింది. 2006 నాటి దాడినీ ఈ శాంతియుత నిరసననూ ఒకే గాటన కట్టడం అన్యాయం. అయితే కంచె బయట ఉన్న ఊరి సమ్మతి కూడా పనిస్థలం రక్షణలో భాగమేనన్న సంగతిని ఏ పరికరాల జాబితాలోనూ చేర్చరు.

కాబట్టి పరికరాన్ని మెచ్చుకొనేముందు మూడు ప్రశ్నలు అడగాలి. ఇది సహాయం చేరేదాకా ప్రమాదాన్ని ఆపుతుందా? కాపలా కాయవలసిన ప్రమాదాన్ని తగ్గిస్తుందా? పొరబడితే ఆ నష్టం ఎవరు మోస్తారు? హిరోలిలో ప్రాణాలిచ్చిన ఆ 8 మంది కూడా ఆ రాత్రి పనిలో ఉన్న కార్మికులే. వారి భద్రత ఏ విభాగం కిందికి వస్తుంది? 'భద్రత'ను రెండుగా చీల్చని మన భాష ఈ విషయంలో ఆధునిక నిర్వహణ శాస్త్రం కంటే సరిగానే ఆలోచించిందనిపిస్తుంది.