న్యాయానికి తెర కట్టిందెవరు?

మా వాడలో కోర్టు మెట్లెక్కినవాళ్లంతా ముద్దాయిలుగానో సాక్షులుగానో ఎక్కినవాళ్లే. జడ్జి కుర్చీ వెనక గోడ మీద ఏ బొమ్మ ఉండాలో వాళ్లనెవరూ అడగలేదు. ఆ గోడ గురించి మాట్లాడుకోవాల్సింది అందుకే.

అమెరికాలో దక్షిణ కరోలినా రాష్ట్రం ఎయికెన్ పట్టణం. అక్కడి ఫెడరల్ కోర్టు గోడ మీద 1938లో స్టీఫన్ హిర్ష్ ‘న్యాయం: రక్షకురాలు, శిక్షకురాలు’ అనే చిత్రం వేశాడు. వేయించింది ప్రభుత్వమే. ఆర్థిక మాంద్యం కాలంలో సర్కారు భవనాలకు బొమ్మలు వేయించిన ట్రెజరీ శాఖ కళావిభాగం పని అది. హిర్ష్ త్రాసు పెట్టలేదు, కత్తి పెట్టలేదు, కళ్లకు గంతలు కట్టలేదు. జెండా రంగుల బట్టల్లో ఒక మామూలు ఆడమనిషిని నిలబెట్టాడు. ఒక పక్కన ఆమె కాపాడే బతుకు, రెండో పక్కన ఆమె అడ్డుకునే నేరం.

తెల్ల పెద్దమనుషులకు ఇవేవీ కనపడలేదు. ఒంటిరంగు కనపడింది. ఈమె సంకరజాతి మనిషిలా ఉందన్నారు. జడ్జికీ బొమ్మ గిట్టలేదు. దానికి తెర కట్టారు. నల్లవాళ్లను ఓటుకూ జ్యూరీకీ దూరం పెట్టిన రోజులవి. నల్లమనిషి బోనులో నిలబడితే ఎవరికీ అభ్యంతరం లేదు. న్యాయమే ఆ రంగులో కనపడితే మాత్రం ఓర్చుకోలేకపోయారు. మన భాషలో దీన్ని అంటరానితనం అంటాం.

హిర్ష్‌ను కూడా ఊరికే మెచ్చుకోలేం. తాను నల్ల స్త్రీని గీయలేదని సంజాయిషీ చెప్పుకున్నాడు, రంగు తేల్చడానికీ ఒప్పుకున్నాడు. వద్దని అడ్డుపడింది నల్లవాళ్ల హక్కుల సంఘం ఎన్.ఎ.ఎ.సి.పి. బొమ్మ గౌరవం గీసినవాడికంటే వాళ్లకే బాగా అర్థమైంది.

ఇక మన దేశానికి వద్దాం. జైపూర్‌లో రాజస్థాన్ హైకోర్టు ఆవరణలో 1989లో మనువు విగ్రహం పెట్టారు. ఇది సర్కారు వేయించింది కాదు, న్యాయాధికారుల సంఘం పెట్టించింది. తీసేయాలని ఆ ఏడే జడ్జీలు తీర్మానించినా, కేసు పడి, స్టే వచ్చి ఆగిపోయింది. 2018లో ఇద్దరు స్త్రీలు మహారాష్ట్ర నుంచి పోయి దానికి నల్లరంగు పూస్తే, వాళ్లనే అరెస్టు చేశారు. అక్కడ నల్లబడ్డ న్యాయానికి తెర కట్టారు. ఇక్కడ శూద్రులకూ స్త్రీలకూ న్యాయం లేదన్నవాడికి పీఠం కట్టారు.

కోర్టులో బొమ్మను అలంకారం అనుకోవద్దు. ఇది ఎవరి ఇల్లో గడపలోనే చెప్పేది అదే. కాబట్టి ఏ బొమ్మ పెట్టాలన్నా, తీయాలన్నా, బోనులో ఎక్కువగా నిలబడేవాళ్లను ముందు అడగాలి.