అపు పట్టుదల, దుర్గ ఆకలి

పేదరికం నుంచి బయటపడే దారి పట్టుదల ఒక్కటేనని చెప్పదలచినవారు బిభూతిభూషణ్ బంద్యోపాధ్యాయ నవలలు ‘పథేర్ పాంచాలీ’ (1929), ‘అపరాజితో’ (1932) చూపిస్తుంటారు. నిశ్చిందిపూర్ పల్లెలో పేద పురోహితుని కొడుకు అపు స్కాలర్‌షిప్ తెచ్చుకుని, కలకత్తా కాలేజీలో అర్ధాకలితో చదివి, చివరకు రచయిత అవుతాడు. ఈ కథను పిల్లలకు నీతిపాఠంగా అప్పజెప్పేముందు నవలలను మరోసారి చదవమని మేము కోరుతున్నాం.

పట్టుదలను మేము తక్కువ చేయడం లేదు. సమ్యక్ వ్యాయామం అష్టాంగ మార్గంలో ఒక అంగం. దీఘజాణు అనే గృహస్థుకు ఇహలోక క్షేమానికి తథాగతుడు చెప్పిన నాలుగు సాధనాల్లో మొదటిది శ్రమించే గుణమే. అయితే మూడోది కల్యాణమిత్రుల సాంగత్యం. ఒంటరి శ్రమే చాలునని ఆయన అనలేదు.

అపుకు తోడు దొరికింది. బడి తలుపు తెరిచే ఉంది. తల్లి సర్వజయ ధనికుల ఇంట వంట చేసి అతణ్ణి సాకింది. మరి అక్క దుర్గ మాటేమిటి? తమ్ముణ్ణి బడికి పంపారు, ఆమెను పంపలేదు. తోటల్లో, పొదల్లో పండ్లు ఏరుకు తింది. పొరుగింట బంగారు భరిణె పోతే దెబ్బలు తింది. జ్వరంతో చనిపోయింది. ఆ తర్వాత భరిణె అపుకు తమ ఇంట్లోనే దొరుకుతుంది. అతను దాన్ని వెదురుపొదల్లోకి విసిరేస్తాడు. మా దృష్టిలో ఈ కథకు గుండెకాయ ఈ ఘట్టమే. రచయిత దుర్గను దోషిగా నిలబెట్టడు. చక్కవత్తి సీహనాద సుత్తం చెప్పే క్రమం కూడా ఇదే: పేదలకు ధనం అందకపోతే దారిద్ర్యం పెరుగుతుంది, దారిద్ర్యం నుంచి దొంగతనం, దాని నుంచి హింస పుడతాయి. దుర్గకు లోపించింది పట్టుదల కాదు, అవకాశం.

నవల పెద్దగా పట్టించుకోని సంగతి మరొకటి ఉంది. అపు పేదవాడే కానీ బ్రాహ్మణుడు. అతణ్ణి పూజకు పిలిచే ఇళ్లున్నాయి. అతని తల్లికి ధనికుల వంటింటి గడప దాటడానికి కులం అడ్డు రాలేదు. సరిగ్గా ఆ కాలంలోనే, 1927లో, మహద్ చెరువు నీటి కోసం బాబాసాహెబ్ సత్యాగ్రహం చేయవలసి వచ్చింది. అప్పటికే ఆయన కొలంబియాలో, లండన్‌లో చదివి వచ్చినవాడు. 1917లో బరోడాలో ఉద్యోగానికి వెళితే తలదాచుకోవడానికి చోటు కరువైంది. ఆయన పట్టుదలలో ఏం లోటుంది? అందుకే ఆయన చదువుతో ఆగక సంఘటిత పోరాటం దాకా, ధమ్మం దాకా నడిచాడు.

ఈ నవలలు మన పిల్లల చేత తప్పక చదివిద్దాం. అపును చూసి ధైర్యం తెచ్చుకోమందాం. దుర్గను చూసి, వెనకబడ్డవారిని సోమరులనవద్దని చెబుదాం. చదువు ఆగిపోయిన పిల్లకు కల్యాణమిత్రులుగా నిలవడం మన పని.