పచ్చబొట్టును, పటమును, భక్తియు

పచ్చబొట్టు క్రైస్తవులకు నిషిద్ధమని వాదించువారు లేవీయకాండము 19వ అధ్యాయములోని 28వ వచనమును చూపుదురు. చచ్చినవారి నిమిత్తము దేహమును చీరుకొనరాదనియు, ముద్రలు వేసికొనరాదనియు నందు గలదు. కాని దాని ముందరి వచనమే గడ్డపు అంచులు కత్తిరించుకొనరాదని శాసించుచున్నది. నున్నగా క్షౌరము చేయించుకొని వేదిక నెక్కిన బోధకుడు ఒకదానిని విడిచి వేరొకదానిని పట్టుకొనుటకు ఏ న్యాయము చూపగలడు?

ఐగుప్తులోని కోప్తు క్రైస్తవులు మణికట్టుపై సిలువను పొడిపించుకొందురు. అల్పసంఖ్యాకులైన వారికి అది ఆపదలోనైనను దాచరాని సాక్ష్యము. 786లో ఇంగ్లాండునకు వచ్చిన పోపు ప్రతినిధులు అన్యాచారముగా పొడిపించుకొను ముద్రలను నిందించిరి; దేవుని నిమిత్తము ఆ బాధను సహించినచో గొప్ప ప్రతిఫలము కలుగుననిరి.

పటముల విషయమునను ఇట్టి వివేచనయే జరిగెను. 754లో హియెరియా సభ వానిని నిషేధించెను. 787లో రెండవ నికేయా సభ, ఆరాధన దేవునికే చెల్లుననియు, పటమునకు చేయు గౌరవము మూలమూర్తికి చేరుననియు నిర్ణయించెను.

అయినను ముద్రయే రక్షయని నమ్మి పొరుగువానిని మరచు ప్రమాదము లేకపోలేదు. కావున పచ్చబొట్టును గాని పటమును గాని చూచి యొకనికి తీర్పు తీర్చుటకు ముందు, అది యతనిచేత నేమి చేయించుచున్నదో విచారింపవలెను.