ఎడమ పక్క దిర్హాం, కుడి పక్క రూపాయి

పోయిన ఆదివారం రెంజల్ మండలం నుంచి మా దూరపు చుట్టాల అబ్బాయి ఇంటికి వచ్చాడు. ఇరవై రెండేళ్లుంటాయి. శుక్రవారం శంషాబాద్‌లో దుబాయి విమానం ఎక్కుతాడట. చాయ్ కప్పు చేతిలో పట్టుకునే అడిగాడు, "మామా, నెలకు ఎంత పంపొచ్చు?"

గల్ఫ్ పోయే పిల్లలు నన్ను మొదట అడిగేది ఇదే. తప్పు పట్టను. ఇంటి మీద మిత్తి నడుస్తుంటే ఇంకో ప్రశ్న ఎలా తడుతుంది? కానీ దానికి ముందు ఇంకో ప్రశ్న ఉంది: పంపకుండా ఎంత ఆపుకోవాలి? ఆ సంగతి నేను దుబాయికి పోయి నేర్చుకోలేదు. బోధన్ చెరకు దగ్గర నేర్చుకున్నాను.

మా నాయినకు ఎడపల్లి దగ్గర నిజాంసాగర్ కాలువ కింద రెండున్నర ఎకరాల చెరకు ఉండేది. చెరకు ఏడాది పంట. వరి వేసినవాళ్లకు పంట పంటకూ పైసలు కళ్లబడతాయి, కూరగాయలు పెట్టినవాళ్లకు వారం వారం ఎంతో కొంత వస్తుంది. చెరకు రైతుకు అలా కాదు. బండి బోధన్ శక్కర్‌నగర్ చక్కెర ఫ్యాక్టరీ గేటు దాటాలి, కాంటా కావాలి, ఆ తర్వాత ఎప్పుడో బిల్లు రావాలి. వచ్చిన బిల్లులోనూ అప్పులు, ఎరువుల బాకీ కోసుకున్నాక మిగిలిందే మనది. దాంతో మళ్లీ బిల్లు దాకా ఇల్లు గడవాలి. 1937లో నిజాం హయాంలో ఫ్యాక్టరీ పెట్టిన నాటి నుంచి 2015 డిసెంబరులో అది మూతపడే దాకా బోధన్ చుట్టుపక్కల ఊళ్లు ఈ ఒక్క విద్య మీద బతికాయి. దాన్ని విద్య అని ఎవరూ అనలేదు. నేను అంటాను.

బిల్లు వచ్చిన రాత్రి నాయిన నట్టింట్లో ఖాళీ యూరియా బస్తా పరిచి నోట్లు కుప్పలు పెట్టేవాడు. మొదటి కుప్ప మళ్లీ నాటుకు: విత్తనం, దున్నకం, కూలీలు. రెండోది అప్పుకు. మూడోది కిరాణానికి. మా బట్టలూ ఫీజులూ ఆఖరి కుప్పలో ఉండేవి. అమ్మ ఎదురుగా కూర్చుని బీడీలు చుడుతూ, "ముందు పిల్లల ఫీజు తియ్యరాదు?" అనేది. నాయిన తల ఎత్తకుండానే, "విత్తనం కుప్ప మీద చెయ్యి పెట్టకు" అనేవాడు. కుప్పలు ఏ ఏడు ఎంత చిన్నవైనా వాటి వరస మారింది లేదు. ఆ వరస చూసి నాకు చిన్నప్పుడు కడుపు మండేది.

2013 ఫిబ్రవరిలో నేను దుబాయి పోయాను. ఒక కట్టడాల కంపెనీలో స్టోర్ పని. జీతం 1,000 దిర్హాంలు, ఉండేది కంపెనీ క్యాంపులో, తిండి మనదే. వీసాకూ టికెట్‌కూ కలిపి 90 వేలు అప్పు చేశాను, నూటికి మూడు రూపాయల మిత్తి. అంటే నెలకు 2,700. నేను పని చేసినా పడుకున్నా, ఎండకు కళ్లు తిరిగి పడిపోయినా, ఆ 2,700 మాత్రం ఆగదు.

మొదటి రెండు నెలల్లో రెండు తప్పులు చేశాను. అప్పట్లో దిర్హాం పదిహేను రూపాయలకు కాస్త తక్కువ. క్యాంపు బయట చాయ్ ఒక దిర్హాం. బోధన్ బస్టాండులో ఐదు రూపాయలకు దొరికే చాయ్ ఇక్కడ పదిహేనా అని గొంతు దిగేది కాదు. టమాటాలు కొనాలన్నా, సబ్బు కొనాలన్నా మనసులో పదిహేనుతో గుణించడమే. ఖుబ్బూస్ రొట్టె, ఉల్లిగడ్డ తిని పొదుపు చేస్తున్నాననుకున్నాను. ఏప్రిల్‌లో జ్వరం వచ్చి రెండు రోజులు డ్యూటీ పోయింది. కోత పడ్డ జీతంతో ఎన్ని చాయ్‌లు వచ్చేవో మంచంలో పడుకుని లెక్కేసుకున్నాను.

రెండో తప్పు దీనికి తలకిందులు. ఖర్చును రూపాయల్లోకి మారిస్తే బీదవాణ్ని, జీతాన్ని మారిస్తే మాత్రం రాజును. నెలకు పదిహేను వేలు! ఫోన్‌లో చెల్లెకు ఫ్రిజ్ ఒప్పుకున్నాను, మేనబావకు సెల్‌ఫోన్ ఒప్పుకున్నాను. అసలు నా దగ్గర ఉన్నవి వెయ్యి దిర్హాంలే. వాటిలో సగానికి పైగా అప్పటికే వేరేవాళ్లవి.

జ్వరం తగ్గాక బఖాలాలో, అంటే అక్కడి కిరాణా కొట్టులో, ఒక నోటుబుక్కు కొన్నాను. పేజీ నడుమ గీత గీశాను. ఎడమ పక్క దిర్హాంలు: ఇక్కడ నా బతుకు. కుడి పక్క రూపాయలు: అక్కడ నా అప్పు. పైసలు పంపే రోజు తప్ప గీత దాటి లెక్క మార్చకూడదని పెట్టుకున్నాను. చాయ్ ఒక దిర్హాం అంటే ఒక దిర్హామే, వెయ్యిలో ఒకటి. దాన్ని బోధన్ చాయ్‌తో పోల్చే పని లేదు. ఇవాళ ఎమ్మెస్‌కు అమెరికా పోతున్న నిజామాబాద్ పిల్లలు మొదటి సెమిస్టర్‌లో కడుపు మాడ్చుకునేదీ, ఉద్యోగం రాగానే జీతాన్ని రూపాయల్లోకి గుణించి ఇంటికి మాట ఇచ్చేసేదీ ఇలాగే. డాలరైనా దిర్హామైనా మనిషికి పట్టే గుణకారం జబ్బు ఒకటే.

ఎడమ పక్క పద్దు ఇప్పటికీ నోటికి వస్తుంది. మెస్‌కు 220. ఎనిమిది మందిమి కలిసి వండుకునేవాళ్లం, వంతులవారీగా. ఫోన్ కార్డులకు 40. సబ్బు, కటింగ్ 25. ఇంటికి పంపినందుకు ఎక్స్ఛేంజి రుసుము 15. మొత్తం 300. ఇంటికి 650. మిగిలిన 50 ఒక కవరులో పెట్టి, పైన 'విత్తనం' అని రాశాను. జీతం పడ్డ రోజు మొదట తీసింది ఆ యాభయ్యే. నాయిన బస్తా మీద మొదటి కుప్ప లాగా.

ఆ ఏడాదే ఎండాకాలంలో ఒక వింత జరిగింది. దిర్హాం 1997 నుంచి డాలరుకు 3.6725 దగ్గర కట్టేసి ఉంది. డాలరు ముందు రూపాయి పడితే దిర్హాం ముందు కూడా పడ్డట్టే. అమెరికా కేంద్ర బ్యాంకు బాండ్ల కొనుగోళ్లు తగ్గిస్తానన్న మాటకే రూపాయి జారడం మొదలైంది. మే మొదట్లో డాలరుకు 54 దగ్గరున్నది ఆగస్టు 28న 69 దాకా పోయింది. దిర్హాం పదిహేను లోపు నుంచి పద్దెనిమిదిన్నర దాటింది. క్యాంపులో పండగ. అడ్వాన్సు కోసం ఆఫీసు ముందు వరస కట్టినవాళ్లున్నారు, ఉంగరాలు అమ్మి పంపినవాళ్లున్నారు. అక్కడ దాచుకున్న ఒక్క దిర్హాం కూడా చాలామంది దగ్గర మిగల్లేదు.

నా కవరులో మాత్రం ఓవర్‌టైంతో కలిసి 400 ఉన్నాయి. చెయ్యి గుంజింది. నాయినకు ఫోన్ చేశాను.

"రేటు మంచిగుంది నాయినా, ఆ నాలుగు వందలు గూడ పంపన్నా?"

"అవి దేనికి పెట్టినవ్ బిడ్డా?"

"ఆపదకు."

"ఆపద అచ్చిందా?"

"రాలేదు."

"మరి రేటు అచ్చిందని ఇత్తనం అమ్ముకుంటరా?"

పంపలేదు. నవంబరు జీతం రాలేదు. డిసెంబరుదీ రాలేదు. జీతాలు బ్యాంకు, ఎక్స్ఛేంజి లాంటి వాటి ద్వారానే వేయాలన్న నిబంధన ఆ దేశంలో 2009 నుంచీ ఉంది. ఉన్నా మా కంపెనీ రెండు నెలలు ఇవాళ, రేపు అంది. అప్పటికి కవరులో 500 అయ్యాయి. రెండు నెలల మెస్ 440. నేను గట్టెక్కాను. ఇంటి దగ్గర ఆ రెండు నెలల మిత్తీ అమ్మ బీడీల పైసలతో కట్టింది. వేల బీడీలు చుట్టిన వేళ్లు అవి. ఈ మాట రాసేటప్పుడు ఇప్పటికీ చెయ్యి ఆగుతుంది.

ఆగస్టులో అంతా పంపేసినవాళ్లు క్యాంపులోనే అప్పు తెచ్చుకున్నారు, నూటికి పది దిర్హాంలు నెలకు. లెక్క చూడండి. నా 400 ఆగస్టులో పంపి ఉంటే నవంబరు రేటు కంటే ఆరు వందల రూపాయలు ఎక్కువ వచ్చేవి. ఆ 400 అప్పు తెస్తే రెండు నెలలకు 80 దిర్హాంల మిత్తి, అంటే 1,360 రూపాయలు. రేటు వెంట ఉరికినవాడు లాభం కళ్లచూసి మరీ నష్టపోయాడు. క్యాంపులో చిట్టీలూ ఉండేవి. అందులో మొదటి పాట పాడినవాడు ఒక రాత్రి ఖల్లివెల్లి అయిపోతే, అంటే కంపెనీ వదిలి పారిపోతే, మిగిలినవాళ్లకు అడిగే దిక్కుండదు. నేను అందులో చేరలేదు.

జనవరిలో మూడు నెలల జీతం ఒక్కసారి పడింది. చెరకు బిల్లు పడ్డట్టే. బంకు మంచం మీద దుప్పటి సర్ది నోట్లు కుప్పలు పెట్టాను. మొదటి కుప్ప తీస్తుంటే పై మంచం అన్న తొంగి చూసి, "ఇన్నేసి కుప్పలేందిరా, అంతా ఇంటికేగా" అన్నాడు. ఏం చెప్పాలో తోచలేదు. నాయిన చేతులు కళ్ల ముందు కదిలాయి.

ఏడాది నిండేసరికి కుడి పక్క పద్దులో 90 వేలకు ఇంకా 35 వేలు మిగిలాయి. గల్ఫ్ పోయే ప్రతి పిల్లవాడికీ ఈ అంకె చెబుతాను. జబ్బు సెలవులు తప్ప నాగా లేదు, తాగుడు లేదు, సినిమా లేదు. అయినా మొదటి ఏడాది నాది కాదు, అప్పిచ్చినవాడిది. మూడు రూపాయల మిత్తికి అప్పు చేసి ఒక్క ఏడాది పోయి వస్తానంటే, వాడి పొలానికి పోయి ఉత్త పుణ్యానికి నాటు వేసి వచ్చినట్టే.

అందుకే ఈ అబ్బాయిని ఏజెంటుకు ఎంత ఇచ్చావని అడిగాను. 1,10,000 అప్పు తెచ్చి ఇచ్చానన్నాడు. నాకు నోట మాట రాలేదు. రిజిస్టరైన ఏజెంటు పనివాడి దగ్గర తీసుకోదగ్గ రుసుము గరిష్ఠంగా 30 వేలు, దాని మీద జీఎస్టీ. "రసీదు ఇచ్చిండా?" "అడగలే మామా." పదో తరగతి తప్పాడు కాబట్టి వాడిది ఈసీఆర్ పాస్‌పోర్టు, అంటే వలస అనుమతి తీసుకోవాల్సినది. అలాంటివాళ్లకు ప్రవాసీ భారతీయ బీమా తప్పనిసరి. రెండేళ్లకు 275 రూపాయలే, ప్రమాదంలో ప్రాణం పోయినా శాశ్వతంగా పనికి రాకుండా పోయినా 10 లక్షలు. ఆ కాగితం వాడి దగ్గర ఉంది గానీ, ఏమిటో తెలియక సంచీ అడుగున మడిచి పెట్టాడు. తీయించి, ఒక జిరాక్స్ వాళ్లమ్మకు ఇవ్వమన్నాను.

ఖాతా సంగతి కూడా చెప్పాను. అక్కడికి పోయాక నీ పేరు మీద ఎన్‌ఆర్‌ఈ (ప్రవాస భారతీయుల) ఖాతా తెరువు, దాని వడ్డీకి మన దేశంలో ఆదాయపు పన్ను లేదు. ఇంటి ఖర్చుకు, అప్పుకు వేరే పంపు. పదేళ్లు పంపినదంతా అన్న ఖాతాలోనో బావ ఖాతాలోనో వేసి, తిరిగి వచ్చి తన పేరు మీద ఏమీ కనబడక ఇంటి అరుగు మీద కూర్చున్న మనుషులను మన ఊళ్లలో చూశాను. అన్నలు చెడ్డవాళ్లని కాదు. కలిసిపోయిన పైసలకు ఆనవాలు ఉండదు, అంతే. ఇప్పుడు ఫోన్‌లో వేలితో నొక్కితే నిమిషంలో ఇంటికి చేరుతున్నాయి. మేము ఎక్స్ఛేంజి ముందు శుక్రవారం రెండు గంటలు నిలబడేవాళ్లం. నిలబడినంత సేపూ ఎంత పంపాలా అని ఆలోచన నడిచేది. ఆ రెండు గంటలు వీళ్లకు లేవు, అందుకే నోటుబుక్కు మాకంటే వీళ్లకే ఎక్కువ అవసరం.

వాడు పోతానని లేచాడు. బీరువాలోంచి కొత్త నోటుబుక్కు ఒకటి తీసి, మొదటి పేజీ నడుమ గీత గీసి ఇచ్చాను. పెన్ను తీసుకుని కాసేపు చూశాడు.

"మొదట ఏం రాయాలె మామా?"

"అప్పు తెచ్చిన తారీఖు."

కుడి పక్క తారీఖు వేసి, దాని ఎదురుగా 1,10,000 అని మెల్లగా, ఒక్కో సున్నా గుండ్రంగా తిప్పుతూ రాశాడు. తర్వాత ఖాళీగా ఉన్న ఎడమ పక్కకు చూసి, "ఇక్కడ?" అన్నాడు.

"అక్కడ విత్తనం అని రాసి, అంకె జాగా వదిలిపెట్టు. జీతం పడ్డ రోజు ఫోన్ చెయ్యి."